వంపుకింత

సల్మాబాద్ క్యాంపు నుంచి గుదైబియాకు రెండు బస్సులు.
జుమ్మా నమాజు అయిపోయి దుకాణాలు తెరిచే యాళ్లకు
మంగలి షాపు మీది మెట్లు ఎక్కుత.
మూడో అంతస్తు. ఏసీ కింద బకెట్.
పదకొండు కంప్యూటర్లు, పదమూడు మందిమి.
నెలకు పన్నెండు దినార్లు,
పోయిన శుక్రవారాల ఓవర్‌టైం లెక్క వేరే.
ఎందుకే ఈ వయసుల, అంటడు పోశాలు.
నలభై మూడేండ్లకు సలాకలు వంగుతున్నయి గని
నడుము వంగుతలేదు, అంట.

తలుపు కాడ హాజరు మిషన్
నా బొటనవేలును గుర్తుపట్టది.
పద్దెనిమిదేండ్లు బైండింగ్ వైరు తిప్పిన వేలు,
గీతలన్నీ తీగెకే అంటుకపోయినయి.
చిన్న వేలు పెట్టు, అంటది జోసలిన్ మేడమ్.
ఎన్నడూ ఏ పనికీ రాని వేలు,
అది పెడితె తలుపు తెరుసుకున్నది.

మొదటి దినం మౌస్ పట్టుకుంటె
కోడిపిల్లను పట్టుకున్నట్టయింది.
ఇరవై అయిదు ఎమ్మెమ్ సలాకను వంచే బలం
ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వక
భుజంలనే ఆపుకొని కూసున్న.
పక్కపొంటి చిట్టగాంగ్ తఫజ్జల్, టైల్స్ మేస్త్రి,
నన్ను చూసి నవ్వంగనే ఆయన మౌస్ కింద పడ్డది.

మూడో వారం అన్‌డూ చెప్పింది.
చేసిన తప్పు చెయ్యనట్టే అయితదట.
క్లాసుల సప్పుడు ఆగింది.
"ఎన్నడుగులు ఎనక్కి పోవచ్చు?" తఫజ్జల్ అడిగిండు.
వంద, అన్నది మేడమ్.
ఆయన వేళ్ల కణుపులు లెక్కవెట్టుకున్నడు.
ఏజెంటు దాకనా, అమ్మిన చేను దాకనా,
నేనడగలే.
నా అయిదు వీసాలు నేను లెక్కవెట్టుకుంటున్న.

ఇయ్యాల ఇచ్చింది నాకెరుకైన లెక్క.
పిల్లరు రింగు.
మూడు వందలు, నాలుగు వందల యాభై,
కవరు నలభై, ఎనిమిది ఎమ్మెమ్ సలాక.
చుట్టుకొలత, రెండు కొక్కేలు, కూడిక.
పదకొండు తెరల మీద ఒకటే జవాబు:
వెయ్యిన్ని మూడు వందల నలభై.

తప్పు.

నా నోట్లెకెళ్లేనా వచ్చిందా మాట?
అందరు మర్రి చూసిండ్రు.
ఇంగ్లీషు లేదు, హిందీ సగమే.
బల్ల మీది జెమ్ క్లిప్పు సాపు చేసి
మళ్ల వంచి చూపెట్టిన.
వంచిన కాడ ఇనుము సాగుతది మేడమ్,
సాగేదంత ముందుగాలనే తియ్యాలె.
నిలువు మలుపుకు మందానికి రెండింతలు,
కొక్కెం మలుపుకు మూడింతలు.
లింగన్న మేస్త్రి ఎండల నిలవడి
నోట్ల బీడీ తియ్యకుంట చెప్పిన లెక్క.
"వంపుకింత తినాలెరా" అన్నడు, గంతే.
ఏ కాయితం మీద నేను చూడలే.
ఇప్పుడు ఆయన సుత లేడు.

మేడమ్ తన కుర్చీల నుంచి లేచింది.
నువ్వు కూసో, నువ్వే కొట్టు, అన్నది.
సమానం గుర్తు దేవులాడిన.
తీసివేత గుర్తు దేవులాడిన.
ఒక్క వేలుతోని, పావుగంట.
ఎవ్వలు దగ్గలేదు సుత.
వెయ్యిన్ని రెండు వందల నలభై నాలుగు.

గడి మూల పట్టుకొని కిందికి గుంజమన్నది.
గుంజిన.
రెప్ప కొట్టేలోపు రెండు వందల వరుసలు నిండినయి.
అందరు చప్పట్లు కొట్టిండ్రు.
నేను చేతులు ఒళ్లె పెట్టుకున్న.
ఇన్నేండ్లు తలకాయల మోసింది
గింత అలకగ జారిపాయె.
అది సంబురమో, కడుపుల సల్లవడుడో,
బస్సుల కూసున్నంక సుత తెలువలే.

పేరు పెట్టి దాసుమన్నది.
ఎల్, ఐ, ఎన్.
జి ఏడున్నదో తఫజ్జల్ వేలు చూపెట్టిండు.

రాత్రి పోశాలు అడిగిండు,
ఏం నేర్చినవే ఇయ్యాల?
పై మంచానికి ఎక్కుతుంటె
ఇనుప నిచ్చెన మలుపు అరచేతికి తాకింది.
పన్నెండు ఎమ్మెమ్. ఇరవై నాలుగు తియ్యాలె.
కూడిక, అన్న.
ఎక్కి ఒరిగినంక మళ్ల చెప్పిన,
కాదురా, తీసివేత.